పాటలో ఆగే చోటు

మా గుడిలో, అంటే మా ఊరి చర్చిలో, ఒక కీర్తన ఉండేది. ఇప్పటికీ ఉంది, అక్కడ లేనిది నేనే. పంట ఇంటికొచ్చాక చేసుకునే కోత పండగకి తప్పనిసరిగా పాడేవాళ్లం. మిగతా రోజుల్లో ఎవరికీ ఏ పాటా తోచకపోతే అదే అందుకునేవాళ్లం. ఆ కీర్తనలో ప్రతి పాదానికీ సగంలో ఒక ఆగే చోటుంది. గుడి నిండా ఉన్న గొంతులన్నీ అక్కడ ఒక్కసారిగా ఆగిపోయేవి. ఒకసారి కాస్త పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. ఎవరూ చెయ్యి ఊపేవారు కాదు, ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఆ కాసేపూ కిటికీ అవతల కొబ్బరాకులు ఒకదానికొకటి రాసుకోవడం, దూరంగా కాలవ లాకుల దగ్గర నీళ్లు పడడం వినిపించేవి. ఆ తర్వాత అందరూ ఒక్క నోటితో మళ్లీ అందుకునేవారు. చిన్నప్పుడు మా మామ్మ పక్కన, ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడి, ఆ చోటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. నిద్రపట్టే ముందు ఒళ్లు తేలికైపోతుందే, అలా ఉండేది.

మామ్మ అంటే మా నాన్న తల్లి. చదువు రాదు. కీర్తనల పుస్తకం మాత్రం గుడికి తెచ్చుకునేది, ఒళ్లో పెట్టుకుని మూసే ఉంచేది. పాటలన్నీ నోటికొచ్చు. గొంతు సన్నం, కానీ గట్టిది. కాలవ అవతలి గట్టు మీద నడిచేవాళ్లు కూడా "ఆయమ్మ పాడతంది" అనుకునేవారు.

పెద్దయ్యాక నేను క్వయర్‌లో చేరాను. తొంభైల చివర, అమలాపురం కాలేజీలో ఇంటర్ చదువుతున్న రోజులు. క్వయర్‌లో చేరడమంటే మా ఊళ్లో అమ్మాయిలకి చిన్న ఉద్యోగం వచ్చినట్టే. అందరికీ ఒకే రంగు చీరలు, బండారులంకలో చెప్పి నేయించినవి, వంకాయ రంగుకి పసుపు అంచు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే లేచినప్పుడల్లా బరబరమనేవి. పాస్టరు అయ్యగారు వాక్యం ముగిస్తుండగా మేం పాటకి లేస్తే, ఆ చప్పుడుకి కునుకు తీస్తున్న పెద్దలు ఉలిక్కిపడి ఆమెన్ అనేవారు. మేం తల వంచుకుని నవ్వాపుకునేవాళ్లం.

శనివారం సాయంత్రాలు ప్రాక్టీసు. గుడి పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడి, అందులో దుమ్ము బంగారంలా తేలుతూ ఉండేది. బయట ఎవరో ధాన్యం తూర్పారబడుతుంటే ఆ ఊకపొట్టు వాసన లోపలికొచ్చేది. మేం మొదటి గొంతు, రెండో గొంతు విడివిడిగా నేర్చుకుని, చివరికి రెండూ కలిపి పాడిన మొదటి క్షణం ఉంటుంది చూడండి, దాన్ని మించిన సంతోషం నాకు ఆ తర్వాత జీతంలోనూ దొరకలేదు, పెళ్లిలోనూ దొరకలేదు. మా వారు ఇది చదివితే ఏమనుకున్నా సరే. నా గొంతు పక్కమ్మాయి గొంతులో కలిసిపోయి, ఏది నాదో నాకే తెలియకుండా పోయేది. క్రిస్మస్ ముందు మంచు పట్టిన తెల్లవారుజామున పంటు మీద ఏరు దాటి లంక ఊళ్లకి పాడడానికి వెళ్లేవాళ్లం. అవతలి ఒడ్డు కనిపించేది కాదు. మేం పాడుతుంటే అటు నుంచి కుక్కలు బదులిచ్చేవి.

మాకు పాటలు నేర్పింది క్వయర్ మేష్టారు. వారమంతా బళ్లో లెక్కలు చెప్పేవారు, శనివారం సాయంత్రం మాకు తాళం చెప్పేవారు. రెంటికీ ఒకటే బెత్తం. మనిషి మంచివాడు, కానీ లెక్క తప్పితే సహించలేడు. ఆ ఆగే చోటంటే ఆయనకి మొదటినుంచీ పడదు. ఒకసారి రెండు మాత్రలు, ఒకసారి మూడు, ఇదేం పద్ధతి అనేవారు. అది ఎలా వచ్చిందని అడిగితే ఒక కథ చెప్పేవారు. ఈ కీర్తన మన తాతలకి నేర్పింది ఒక తెల్ల దొరసాని. ఆమెకి ఆయాసం. పాదం మధ్యలో ఊపిరందక ఆగిపోయేది. మనవాళ్లేమో అది కూడా పాటలో భాగమే అనుకుని, అంతే భక్తిగా ఆగడం నేర్చుకున్నారు. ఈ కథకి మేం కడుపుబ్బ నవ్వేవాళ్లం. నిజమేననిపించేది కూడా. మావాళ్లు అలా చేయగలరు. మా ముత్తాతల భక్తి మీద నాకు అంత నమ్మకం.

నా ఇంటర్ మొదటి ఏడాది అయిన వేసవిలో సంఘం కీబోర్డు కొంది. హార్మోనియం బీరువా మీదికెక్కింది. కీబోర్డులో ఒక మీట నొక్కితే డోలు, తాళాలు వాటంతటవే మోగుతాయి. మేష్టారి ముఖం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి లెక్క తప్పనివాడు ఆయనకి తోడు దొరికాడు. అయితే ఆ యంత్రానికి ఆగడం తెలియదు. అందుకని కీర్తనలో ఆగే చోట్లన్నీ తీసేసి, పాదాలు కలిపేసి, మాకు కొత్తగా నేర్పేరు. చురుగ్గా, హుషారుగా ఉంది. నాకు భలే నచ్చింది, దాచుకోవడం ఎందుకు?

ఆదివారం పాడేం. క్వయర్ ముందుకెళ్లిపోయింది. వెనక సంఘంలో ముసలివాళ్లు అలవాటుగా ఆగిపోయేరు. మళ్లీ అందుకునేసరికి మేం తర్వాతి పాదంలో ఉన్నాం. అందరిలోకీ గట్టిగా వినిపించింది మా మామ్మ గొంతే. మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆరాధన అయ్యాక నన్ను పిలిచేరు.

"అమ్మాయ్, మీ మామ్మగారికి కాస్త నచ్చజెప్పమ్మా. పెద్దావిడ, నేను చెబితే బాగోదు. మెల్లగా పాడుకోమను, పైకి వినబడకుండా."

"ఆయ్, చెబుతానండి" అన్నాను.

చెప్పాను కూడా. ఇంటికెళ్లి, ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు చెప్పాను. నువ్వు సాగదీస్తున్నావు మామ్మా, నీ వల్ల మా పాట పాడైపోతోంది అన్నాను. ఆ రెండో ముక్క మేష్టారిది కాదు, నాదే. పదిహేడేళ్ల వయసులో నోటికి అడ్డేముంటుంది? మామ్మ నావైపు చూడలేదు. చేటలో బియ్యం ఒకసారి ఎగరేసి, "అలాగేనమ్మా" అంది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ గుడిలో నోరు తెరవలేదు. ఆ పాటకే కాదు, ఏ పాటకీ. నిలబడేది, పుస్తకం గుండెకి ఆనించుకునేది, పెదవులు కదిలేవి కావు. ఇంట్లో కూడా కూనిరాగం ఆగిపోయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తున్న చీపురు చప్పుడు ఒక్కటే వినిపించేది. అప్పుడు తెలిసింది నాకు, మా ఇంట్లో నేను పుట్టినప్పటినుంచీ ఒక పాట మోగుతూనే ఉందని. నెల గడిచింది. నాకు కావలసింది ఒకటే, మామ్మ మళ్లీ గుడిలో పాడాలి. పాడమని బతిమాలాను. "గొంతు పోయిందిలే అమ్మా" అనేది. అబద్ధం. పెరట్లో కోళ్లని అదిలిస్తే వీధంతా వినిపించేది.

ఊడుపుల రోజులొచ్చాయి. ఒకనాడు కాలేజీ నుంచి వస్తుంటే బస్సు మా ఊరికి మైలు ముందే ఆగిపోయింది. సన్నగా జల్లు పడుతోంది. గట్టు వెంబడి నడుస్తున్నాను. ఆకాశం, చేలల్లో నీళ్లు, రెండూ ఒకటే రంగు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో తెలియడం లేదు. అందులో ఒక పది మంది ఆడవాళ్లు నడుములు వంచి, వరసగా, నారు నాటుతూ వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఏదో పాడుతున్నారు. మాటలు అందడం లేదు, బాణీ మాత్రం గాలికి వస్తోంది.

నా కాళ్లు నిలిచిపోయాయి. అది మా కీర్తన.

సగం పాదం పాడేరు. ఆగేరు. బురదలోంచి కాళ్లు ఊడదీసుకుని అందరూ ఒక అడుగు వెనక్కి వేసేరు. మిగతా సగం అందుకున్నారు. బురద లోతుగా ఉన్న చోట ఎక్కువసేపు ఆగేరు, తేలిగ్గా ఉన్న చోట వెంటనే పాడేరు. గొడుగు లేదని కూడా మర్చిపోయి, తల నుంచి నీళ్లు కారుతుంటే అలా చూస్తూ ఉండిపోయాను. దొరసానీ లేదు, ఆయాసమూ లేదు.

ఇంటికి పరుగెత్తుకెళ్లి మామ్మనడిగాను. ఆవిడ నా తల తుడుస్తూ, ఇందులో వింతేముందన్నట్టు చెప్పింది.

"అది ఊడుపు పాటేనమ్మా. మా అమ్మావాళ్లు పాడుకునేవోరు. మనోళ్లు దేవుణ్ణి నమ్ముకున్న కొత్తలో పాటల్లేవు. ఊళ్లోకి వాక్యం చెప్పడానికి ఉపదేశిగారు వచ్చేరు కదా, ఆయన ఈ బాణీకి మాటలు కట్టేరు. నీకు తెలీదేటి?"

నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

శనివారం ప్రాక్టీసు కన్నా ముందే వెళ్లాను. మేష్టారు ఒక్కరే కీబోర్డు మీద గుడ్డ తీసి దుమ్ము దులుపుతున్నారు. చూసింది చూసినట్టు చెప్పాను. మీ దొరసాని కథ తప్పండి అన్నాను, కాస్త కోపంగానే. ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన గుడ్డ మడత పెట్టేరు.

"నాకు తెలుసమ్మా" అన్నారు. "మా అమ్మ కూడా ఊడుపులకి వెళ్లేది. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని వినేవాణ్ణి."

"మరి ఆ కథ ఎందుకు చెప్పేరండి?"

"దొరసాని ఆయాసం అంటే మీరు ఆవిడని చూసి నవ్వేరు. బురద అంటే మనల్ని చూసి నవ్వుతారని చెప్పేను. బళ్లో నాతో పనిచేసేవాళ్లు అడిగితే కూడా అదే చెప్పేను." మడిచిన గుడ్డ పక్కన పెట్టి, "మొదటిసారి చెప్పినప్పుడు సిగ్గేసిందమ్మా. తర్వాత్తర్వాత అలవాటైపోయింది" అన్నారు.

ఆయన మీద కోపం అక్కడికక్కడే పోయింది.  ఏం చెయ్యమంటావని అడిగేరు నన్ను, నేనేదో పెద్దదాన్నయినట్టు. కోత పండగకి ఆ ఒక్క పాటకీ మీట నొక్కకండి, మేం ఆగి పాడతాం అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. చేలు కోతకొచ్చాక తీరా నేర్చుకోబోతే, ఇన్నాళ్లూ పెద్దల వెనకే ఆగినవాళ్లం, సొంతంగా ఆగడం మాకెవరికీ రాలేదు. ఒకరు ముందు, ఒకరు వెనక. ఆఖరికి మేష్టారు చెప్పులు విడిచి, ప్యాంటు కాస్త పైకి మడిచి, మా ముందు వెనక్కి నడిచి చూపించేరు. మేం చీరలెత్తి పట్టుకుని, గుడి గచ్చు మీద వరసగా వెనక్కి అడుగులేస్తూ పాడేం. ఆ పూట ఎవరూ నవ్వలేదు. మూడు శనివారాలకి కుదిరింది.

కోత పండగ రోజు గుడి నిండా వరి కంకులు, అరటి గెలలు, కొబ్బరి గెలలు. కొత్త గడ్డి వాసనకి కళ్లు మూతలు పడుతున్నాయి. మామ్మ వెనక వరసలో కిటికీ దగ్గర నిలబడింది. ఆవిడకి నేనేమీ చెప్పలేదు. మేష్టారు శ్రుతి ఇచ్చి చేతులు తీసేసుకున్నారు. సగం పాదం పాడి మేం ఆగేం. సంఘం మాతోపాటే ఆగింది. కొబ్బరాకుల చప్పుడు, లాకుల నీళ్లు, నా చిన్నతనమంతా ఆ కాసేపట్లో లోపలికొచ్చి వెళ్లింది. మామ్మ పెదవులు కదలలేదు. రెండో పాదం. కదలలేదు. మొదటి చరణమంతా అయిపోయింది. నేను క్షమాపణ అడగాల్సిన తీరు ఇది కాదేమో, పొరపాటు చేశానేమో అనుకున్నాను.

రెండో చరణంలో మేం ఆగినప్పుడు, గుడంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, వెనక నుంచి ఒక పిలుపు లేచింది. మాటలు లేవు. సన్నగా మొదలై, సాగి, పైకి వెళ్లి విరిగింది. నేనెప్పుడూ వినలేదు దాన్ని. మామ్మ కళ్లు మూసుకుని ఉంది. ఆవిడ పక్కనున్న ఇద్దరు ముసలమ్మలు, తమకి తెలియకుండానే, ఒక అడుగు వెనక్కి వేసేరు. మేష్టారు ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ పిలుపు ఆగాక మేం అందుకున్నాం.  ఆ తర్వాత ఆగిన ప్రతి చోటా ఆవిడ పిలిచింది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఏంటి మామ్మా అది?"

"ఊడుపులో వరస నడిపే మనిషి అక్కడ పిలవాలమ్మా. అందరూ కలిసి అడుగు తియ్యాలి కదా. మా అమ్మ పిలిసేది. ఇప్పుడు చేలల్లో కూడా ఎవరూ పిలవట్లేదు."

"మరి ఇన్నేళ్లూ గుడిలో ఎప్పుడూ పిలవలేదేం?"

"దేవుడింట్లో పొలం కేకలేటని, ఉపదేశిగారు పాటంతా ఉంచి అదొక్కటీ మానెయ్యమన్నారంట. మా అమ్మ మానేసింది. నేనూ నోరు మూసుకుని ఆ కాసేపూ మా అమ్మని తలుసుకునేదాన్ని." నాలుగడుగులు వేసి, చాలా మామూలుగా అంది, "నువ్వొచ్చి మెల్లగా పాడమన్న రోజున, మిగిలింది కూడా ఇచ్చెయ్యమంటున్నారు కామోసనుకున్నాను."

నేను గట్టు మీద అలాగే నిలబడిపోయాను. తప్పయిపోయింది మామ్మా అన్నాను, ఏడుస్తూ. ఆవిడ వెనక్కి తిరిగి వచ్చి పమిట చెంగుతో నా ముఖం తుడిచింది.

"ఊరుకో. వచ్చే ఆదివారం శ్రుతి ఒక్క మెట్టు దించమని చెప్పు మీ మేష్టారికి. పైకి అందట్లేదు నాకు."