సారు కారుకు ఫిల్మ్ వేయించడానికి ఎల్బీనగర్‌లో నేను కాపలా కూర్చున్న రోజు

ముందుగా నన్ను మన్నించండి. ఏడో తరగతితో బడి మానేశాను. ఒత్తులు తప్పుతాయి, చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. మా పక్క గదిలో ఉండే రేణుక డిగ్రీ చదువుతుంది, తిరిగిన చోట్ల గురించి తన బ్లాగులో రాస్తుంది. "అక్కా, నీ ఎల్బీనగర్ ముచ్చట రాసియ్యి. కొత్త బండి కొన్నోళ్ళకు పనికొస్తది" అని ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. రాసింది నేను, దిద్దింది తను. ఇంకా తప్పులు మిగిలితే అవి నావే. ఆ పుస్తకం కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం నవ్వకండి.

మాది నల్లగొండ దగ్గర పల్లె. గడ్డిఅన్నారంలో, పాత పండ్ల మార్కెట్ ఉండే చోటుకు వెనక సందులో, ఒక గదిలో ఉంటున్నాం. నేను జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సారు దగ్గర డ్రైవరు. సారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. కొత్తగా తెల్ల కారు కొన్నారు. రంగు మీద గీతలు, రాళ్ళ దెబ్బలు పడకుండా ఇప్పుడు కార్లకు కంటికి కనిపించని పొర ఒకటి అతికిస్తున్నారు. పేరు పీపీఎఫ్, షాపుల్లో మాత్రం అందరూ ఫిల్మ్ అంటారు. అంతకుముందున్న డ్రైవరు సారు పాత కారుకు నకిలీ ఫిల్మ్ వేయించి, మిగిలింది జేబులో వేసుకున్నాడట. ఎనిమిది నెలలకే అది పసుపు రంగుకు తిరిగింది, అతని పని పోయింది. ఆ పనిలో మా ఆయన చేరి నాలుగు నెలలే అయింది. ఈ ఫిల్మ్‌లో ఏ చిన్న తేడా వచ్చినా ఆయనా ఇంటికే. నా ప్రయాణం మొదలైంది ఆ భయంతోనే.

సారు ముందు దిల్‌సుఖ్‌నగర్‌లోనే సీటు కవర్లు అమ్మే షాపుల్లో అడిగి రమ్మన్నారు. కూరగాయలకు వెళ్ళిన నేనూ మా ఆయన వెంట ఉన్నాను. ఒక షాపతను ముందు భాగానికి పద్దెనిమిది వేలు, ఫారిన్ ఫిల్మ్, ఐదేళ్ళ గ్యారంటీ అన్నాడు. డబ్బా చూపించమంటే "డబ్బాతోని నీకేం పని భయ్యా, బండి జూస్కో" అన్నాడు. బిల్లు కావాలంటే ధర మారుతుందన్నాడు. నాకు అక్కడే అనుమానం పుట్టింది. చివరికి సారు ఎల్బీనగర్ రింగు రోడ్డు వైపు ఒక షాపుతో ఫోన్లో మాట్లాడారు. బానెట్, ముందు బంపరు, ముందు చక్రాల మీది రెండు ఫెండర్లు, హెడ్‌లైట్లు, సైడు అద్దాల వెనక డిప్పలు కలిపి నలభై రెండు వేలు, ఒక్క రోజు పని. కారు మొత్తానికైతే లక్ష దాటుతుంది, మూడు రోజులు బండి వదిలేయాలి.

తీరా షాపువాళ్ళు ఇచ్చిన రోజే సూర్యాపేటలో సారు చుట్టాల పెళ్ళి పడింది. పాత కారులో సారు వాళ్ళను మా ఆయనే తీసుకెళ్ళాలి. "బండి కాడ నీ ఇంటి మనిషిని కూసోబెట్టు, కండ్లు తిప్పొద్దని చెప్పు" అన్నారట సారు. మా ఆయన ఇంటి మనిషిని నేనే కదా. కొత్త మగవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అయినా కాదనలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సారు వాళ్ళు క్రైస్తవులు. బండి రాగానే ప్రార్థన చేయించుకున్నారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు ఏవీ లేవు. ఒక రాత్రి ఆ బండి మా సందులోనే ఉండిపోయింది. పసుపు బొట్టు పడని బండిని మా ఆయన నడుపుతున్నాడని నాకు ఒకటే గుబులు. ఎవరూ చూడకుండా, డ్రైవరు వైపు బానెట్ చివర, నూనెలో కలిపిన పసుపుతో మూడు బొట్లు పెట్టాను. తెల్లవారి ఆయన లేవకముందే తుడిచేశాను. ఆయనకు కూడా చెప్పలేదు.

పెళ్ళి రోజు ఎనిమిదిన్నరకు బయలుదేరాం. ఆ వేళకు చైతన్యపురి దగ్గర బండ్లు కదలవు, ఎల్బీనగర్ చేరేసరికి తొమ్మిది దాటింది. మా ఆయన తాళం ఇచ్చి, మెట్రోలో వెనక్కి వెళ్ళిపోయారు. షాపు యజమాని ప్రసాద్ గారు గుంటూరు వైపు మనిషి. "రండమ్మా, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?" అన్నారు. వద్దన్నాను. ఆడవాళ్ళకు బాత్రూం ఉన్నట్టు కనిపించలేదు. ఉందని తెలిసినా బండిని వదిలి వెళ్ళేదాన్ని కాదు.

ఫిల్మ్ అతికించే మేస్త్రీ ఖలీల్ భాయ్. యాభై ఏళ్ళుంటాయి, గడ్డం సగం నెరిసింది. ముందు బండిని కడిగి, మెత్తటి మట్టి ముద్ద లాంటిదానితో రుద్దాడు. చెయ్యి పెట్టి చూస్తే గాజులా జారింది. బానెట్ చివరికి వచ్చాక ఆగి, వంగి చూశాడు.

"ఈడ జర మచ్చ ఉన్నట్టుందమ్మా. పాలిష్ మిషన్ కొడ్త, పోతది."

మచ్చ ఎందుకుంది, ఎవరు పెట్టారు అని మాట సాగితే? ప్రసాద్ గారి నుంచి సారు దాకా పోతే? "మిషన్ వద్దు, సారు వద్దన్నరు" అనేశాను. సారు అలాంటి మాటే అనలేదు. నేనే లేచి తడిగుడ్డతో గట్టిగా తుడిచాను. ట్యూబ్‌లైటు కింద తెల్లగానే కనిపించింది. "పోయింది, చూడు" అన్నాను. ఆయన నన్నోసారి, బండినోసారి చూసి, "సారు చెప్తే సరే" అన్నాడు.

ఆ తర్వాత రోజంతా నేను వాళ్ళను అనుమానిస్తూనే గడిపాను. రోల్ డబ్బా నా ముందే తెరవమన్నాను. డబ్బా మీద నంబరు, గ్యారంటీ కార్డు మీద నంబరు ఒకటేనా అని అంకె అంకె సరిచూశాను. ఫిల్మ్‌ను కంప్యూటర్ మిషన్ బండి కొలతలకు కోసింది, అది మంచిదే. కానీ బంపరు మూల దగ్గర ఖలీల్ భాయ్ బ్లేడు తీశాడు.

"బండి మీదనే కోస్తవా?" అన్నాను, లేచి నిలబడి.

"బండి మీద కాదమ్మా, ఫిల్మ్ ఎత్తిపట్టి కోస్త. జర ఎనకకు జరుగు, నీ నీడ పడ్తుంది."

సబ్బునీళ్ళు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పలకతో నీళ్ళు బయటికి తోసి, అంచులను వేడిగాలి మిషన్‌తో లోపలికి మడిచాడు. అక్కడక్కడా నీటి బుడగలు మిగిలాయి. రెండు మూడు రోజుల్లో ఆరిపోతాయన్నాడు. నేను నమ్మలేదు. టీ తెప్పించాడు, అదీ తాగలేదు. జాకెట్ కుట్టించుకునేవాళ్ళు మిగిలిన గుడ్డ ముక్కలు అడిగి తీసుకుంటారు. దాన్ని బట్టే నా గుడ్డ నాకే కుట్టారా లేదా అని తెలుస్తుంది. అలాగే నేనూ ఫిల్మ్ ముక్కలు అడిగాను.

"ఏందమ్మా, దీంతోటి జాకెట్ కుట్టిస్తవా?" అని ఖలీల్ భాయ్ నవ్వాడు. "చెమట పోదు, ముందే చెప్తున్న."

నాకు నవ్వు రాలేదు. ఒక ముక్కను గోటితో గీరాను. ఖలీల్ భాయ్ నేను తాగని టీ గ్లాసు తెచ్చి, వేడి అడుగును దాని మీద ఆనించాడు. గీత మాయమైంది. ఏదో గారడీ అనుకుని నేనే మరో మూడు ముక్కలు గీరి చూశాను. మూడూ మామూలుగా అయ్యాయి. చవక రకం ఫిల్మ్‌లో గీత అలాగే ఉండిపోతుందట.

నాలుగున్నరకు పని అయింది. బండిని బయట ఎండలోకి తీశారు. చుట్టూ తిరిగి చూస్తున్నాను. బానెట్ చివర పసుపు ఛాయ! పాత డ్రైవరు కథ కళ్ళ ముందు తిరిగింది. అంత గట్టిగా నేను జీవితంలో అరవలేదు.

"దొంగ ఫిల్మ్ ఏసిండ్రు! అప్పుడే పచ్చబడ్డది! నేనేమన్న పిచ్చిదాన్న? మా ఆయన నోట్లె మన్ను గొడ్తరా?"

పక్క షాపుల వాళ్ళు బయటికి వచ్చారు. ప్రసాద్ గారు పరుగున వచ్చి, "ఏంటమ్మా, నెమ్మదిగా చెప్పండి" అంటూ వంగి చూశారు. నా చేతిలోని ఫిల్మ్ ముక్క ఒకటి తీసుకుని తెల్లకాగితం మీద పెట్టారు. నీళ్ళలా ఉంది, ఏ రంగూ లేదు. ఖలీల్ భాయ్ టార్చి వేశాడు. ఆ వెలుగులో పసుపు ఛాయ మధ్యలో మూడు చుక్కలు కనిపించాయి, ఇటుక ఎరుపులో. పసుపు మరక మీద సబ్బు పడితే ఏ రంగుకు తిరుగుతుందో బట్టలుతికే ప్రతి ఆడదానికీ తెలుసు. అవి నేను పెట్టిన బొట్లే.

ప్రసాద్ గారు ఖలీల్ భాయ్ వైపు తిరిగారు. "మచ్చ మీద ఫిల్మ్ వేశావా? ఇన్నేళ్ళ సర్వీసు, ఇదేనా నువ్వు చేసే పని? మిషన్ ఎందుకు పెట్టలేదు?"

ఖలీల్ భాయ్ నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల దించుకుని టార్చి ఆర్పేశాడు.

"ఈ బానెట్ ముక్క నీ లెక్కలోనే పోతుంది" అన్నారు ప్రసాద్ గారు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పు మేస్త్రీది అవుతుంది, మా ఆయన పని నిలుస్తుంది. కానీ పొద్దుటి నుంచి ఆ మనిషి చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ఆ చేతుల్లో ఒక్క తప్పూ దొరకలేదు. "ఆయనను అనకండి" అన్నాను. "ఆ పసుపు నేను పెట్టిన. మిషన్ వద్దని అబద్ధం చెప్పింది గూడ నేనే."

సారుకు ఎవరు చెప్పాలన్నది తేలలేదు. చివరికి నేనే ఫోను చేశాను. పెళ్ళి సందడిలో ఆయన గొంతు సరిగ్గా వినిపించలేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగారు: "షాపోడు ఎంత ఇస్తనన్నడమ్మా నీకు, ఇట్ల చెప్పుమని?" పొద్దుటి నుంచి నేను ఇతరులను చూసిన చూపు అది. "బండి ఆన్నే ఉండనీ, రేపు నేనే ఒస్త" అని పెట్టేశారు.

మెట్రోలో ఒంటరిగా ఇంటికి వచ్చాను. ఎల్బీనగరే మొదటి స్టేషను కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. అక్కడి నుంచి మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్, టికెట్టు ఇరవై రూపాయల లోపే. రాత్రి మా ఆయన వచ్చి అన్నం ముందు కూర్చున్నారు, కలపలేదు. "సారు సంగతి తర్వాత. నాకెందుకు చెప్పలే?" అన్నారు.

"చెప్తే వద్దంటవని."

"అంటుంటి" అన్నారు. ఆ తర్వాత తిన్నారు.

మర్నాడు పదింటికి ముగ్గురం షాపులో ఉన్నాం. సారు ఆ మూడు చుక్కలను చాలాసేపు చూశారు. మా ఆయన చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు. అందరి ముందూ పని పోయినట్టే అనుకున్నాను.

"ఎందుకు పెట్టినవమ్మా?" అన్నారు సారు.

"మా ఆయన నడుపుతడు గద సార్" అన్నాను.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బండి వచ్చిన్నాటి నుంచి నేను గూడ రోజు పొద్దుగాల దీని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్న. మీ ఆయన కోసం గూడ. నాది మరక పడలే, నీది పడ్డది" అన్నారు. ఆపైన మా ఆయన వైపు తిరిగి, "ఏందయ్య, గోడకు అతుక్కపోయినవ్? నీకు గూడ ఫిల్మ్ ఏసిండ్రా?" అన్నారు. ఖలీల్ భాయ్ పకపకా నవ్వాడు. కొత్త ముక్క ఖర్చు తనదేనని సారు చెప్పారు. కానీ అనుమానం మానలేదు. స్టూలు లాక్కుని, పని అయ్యేదాకా బండికి రెండడుగుల దూరంలోనే కూర్చున్నారు. ఖలీల్ భాయ్ పాత ఫిల్మ్ వేడి చేసి ఊడదీసి, మిషన్‌తో మచ్చ తీసి, కొత్తది వేసేసరికి ఒంటిగంట అయింది. ఈసారి టీ తాగాను. ఎక్కువ చక్కెర వేశారు, బాగుంది.

ఇప్పటికీ నాకు షాపుల మీద నమ్మకం లేదు. డబ్బా చూపించని చోట, బిల్లు ఇవ్వని చోట బండి పెట్టకూడదనే అంటాను. కాపలా కూర్చోవడం తప్పు కాదు. కానీ ఆ రోజు నేను షాపులో ప్రతి మనిషినీ దొంగలా చూశాను. అబద్ధం మాత్రం నా నోటి నుంచే వచ్చింది. నా అబద్ధానికి తల వంచింది, ఎవరు తెప్పించిన టీ కూడా నేను నమ్మి తాగలేదో ఆ మనిషే. అది గుర్తొస్తే కుట్టుమిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోతాను.

ఫిల్మ్ వేయించాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. బండి కడిగాక, ఫిల్మ్ వేయకముందు, ఐదు నిమిషాలు ఎండలోకి తీయించి మేస్త్రీతో కలిసి అంగుళం అంగుళం చూడండి. పసుపు, కుంకుమ, తారు, పక్షుల రెట్ట ఏది ఉన్నా అప్పుడే చెప్పండి. ఫిల్మ్ కింద పడ్డది మళ్ళీ ఊడదీస్తే గాని పోదు.

రేణుకా, టైపు చేయడం అయిపోయాక ఈ నోటుబుక్కు పేజీలు పొయ్యిలో పెట్టు, ఎవరికీ చూపించకు. ఫోన్లో చదివినవాళ్ళు కాల్చలేరు, నాకు తెలుసు. ఎవరైనా ప్రింటు తీసి ఉంటే, నా అబద్ధం ముచ్చట చేతులు మారకుండా, చదివాక ఆ కాగితం కాల్చేయండి.