తీసిన నాలుగు లింకులు

చోడవరంలో వాచీ రిపేరు దుకాణం ఎత్తేశాక కామేశం ఇంటి వరండాలోనే బల్ల వేసుకున్నాడు. కొత్త వాచీలు ముట్టడు. వాచీకి సెల్లు మార్చే పని కిళ్ళీకొట్టువాడు కూడా చేస్తాడు, దానికి నేనెందుకు అంటాడు. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ పాత స్టీలు చైన్లే. చెమటా మట్టీ పేరుకుని నల్లబడ్డవీ, పిన్నులు అరిగి వేలాడేవీ. గోరువెచ్చని కుంకుడురసంలో నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో సందు సందూ తోమి, ఆరాక అరిగిన పిన్ను తీసి కొత్తది దిగ్గొడతాడు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా చెయ్యి వణకదని ఆయనకు కాస్త పొగరు.

ఇంకో పొగరు కూడా ఉంది. చైను బిగించడానికి తీసిన లింకును పారేయడు. పొట్లం కట్టి, పేరూ తేదీ రాసి తిరిగి ఇచ్చేస్తాడు. ఎవరి సొమ్ము వాళ్ళకు చేరాలి గదా. అలాగే ఎవరి చెయ్యి లావెక్కిందో, ఎవరిది చిక్కిందో మూడో మనిషికి చెప్పడు. గుట్టు దాచడంలో తనంతవాడు లేడని అనుకునేవాడు. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

బుచ్చయ్యపేట అవతల చెరుకు రైతు బంగార్రాజుకి పెళ్ళిలో మామగారు పెట్టిన వాచీ ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేతికి వదల్లేదు. చైను ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి, వదులైతే ఒప్పుకోడు. ఆగస్టులో వచ్చి ఒక లింకు తీయించాడు. పొట్లం ఇవ్వబోతే వద్దన్నాడు.

"మీకాడే ఉంచండి పంతులుగారూ. ఇంటికాడ అగుపడితే మా ఆడది పేణం తీసేస్తాది."

దసరాకి ఇంకోటి తీయించాడు. కార్తీకంలో మూడోది. డిసెంబరులో నాలుగోసారి వచ్చినప్పుడు మణికట్టు ఎముక పొడుచుకొచ్చి కనిపించింది. కామేశానికి భయమేసింది.

"డాక్టరుకు చూపించావా?"

"తిన్నది ఇమడ్డం లేదండి. చెరుకు నరికించేసేక యిశాపట్నం ఎల్తాను. మా ఆడదానికి ముందే తెలిస్తే తోటొగ్గేసి ఆస్పత్రికి పద అంటాది. మీరు సెప్పకండి బాబూ."

కామేశం చెప్పనని మాటిచ్చాడు. లోపలినుంచి విన్న కనకవల్లి, అతను వెళ్ళాక, "అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ వారం వారం సంతకొస్తుంది. ఒక్క ముక్క దాని చెవిన వేద్దామండీ" అంది. మనకెందుకని పెళ్ళాన్ని కసిరాడు.

తోట కోతలయ్యాక బంగార్రాజు ఆస్పత్రికి వెళ్ళాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కడుపులో పుండు ముదిరిపోయిందనీ, ఆర్నెల్ల కిందట వచ్చి ఉండవలసిందనీ చెప్పారు. పదకొండు రోజులకు శవాన్ని తెచ్చారు.

నెల మాసికం అయ్యాక అచ్చియ్యమ్మ వాచీ పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"మా పెద్దోడికి పెడదారని పంతులుగారూ. ఆడిది అచ్చం ఆళ్ళ నాన్న సెయ్యే. అయినా పట్టడం లేదు. ఆయనకి సరిపోయినది ఈడికెందుకు సాలదో తెలడం లేదు."

ఈ మోడలు లింకులు దొరకవమ్మా అంటే చాలు, ఆమె వెళ్ళిపోయేది. ఆ మాట కామేశం నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఆమె సొమ్ము తన డబ్బాలో పెట్టుకుని లేదని ఎలా చెబుతాడు? చైను కడిగాడు. డబ్బా తీసి నాలుగు పొట్లాలూ విప్పాడు. నలభై ఏళ్ళ అలవాటు, కాగితాలను చదును చేసి వరసగా బల్ల మీద పెట్టి పనిలో పడ్డాడు. మూడు లింకులు తిరిగి చైనులో కూర్చున్నాయి.

అచ్చియ్యమ్మ ఒక కాగితం తీసింది.

"ఇదేటి, ఆయన పేరు గదా."

ఒక్కో కాగితం తీసి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. చివరికి మొదటిది మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఆగస్టు నుంచా?"

"చెప్పొద్దన్నాడమ్మా."

"సిక్కిపోతన్నావని రోజూ అడిగీదాన్ని. సెయ్యి సాపి సూపించీవోడు. వాచీ సూడే, ఎలాగ పట్టుకునుందో, సిక్కితే జారిపోదా అనీవోడు. మా నాన్న పెట్టిన వాచీ అబద్ధం ఆడదు గదా అని నమ్మేసేను బాబూ."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని కామేశం అనుకున్నాడు. తలొంచుకుని నాలుగో లింకు పిన్ను పెట్టబోయాడు. దిగలేదు. మళ్ళీ పెట్టాడు, పక్కకు జారింది.

"వద్దు, వొగ్గేయండి. ఆ మూడూ కూడా తీసేయండి."

"ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరమ్మా."

"తెలుసు. తీసేయండి."

తీశాడు. నాలుగు లింకులూ, వాచీ ఆమె కొంగులో మూటకట్టుకుంది. కామేశం కాగితాలను మెల్లగా తనవైపు లాక్కోబోయాడు.

"అయ్యి కూడా నాకివ్వండి పంతులుగారూ" అంది అచ్చియ్యమ్మ. "ఆయనయే గదా."

కామేశం తేదీల వరస తప్పకుండా సర్ది, నాలుగు కాగితాలూ ఆమె చేతిలో పెట్టాడు.