ఎవరింటి శంఖం?

మా తెలుగు మాస్టారు పోయిన మంగళవారం పొద్దున్న కన్నుమూశారు. మీలో చాలామందికి ఆయన తెలియదు. బిలాస్‌పూర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరై, ఉస్లాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. డ్యూటీ లేని ఆదివారాలు క్వార్టర్ వరండాలో మా చేత అక్షరాలు దిద్దించేవారు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

‘శ’ దగ్గరికొచ్చేసరికి పుస్తకంలో బొమ్మ చూపించేవారు కాదు. దేవుడి గూట్లోంచి అసలు శంఖమే తెచ్చి మా చెవుల దగ్గర పెట్టేవారు. “ఊదితే పూజ. నీళ్లు పోస్తే తీర్థం. మన వేపు మనిషిని సాగనంపడానికీ ఇదే,” అనేవారు. మేం హిందీలో జవాబు చెబితే, “అచ్ఛా, శంఖంలో పోస్తేగాని తీర్థమవదు. తెలుగులో సెప్పు,” అనేవారు.

ఆ సాగనంపడం మీద ఆయనదే ఒక కథ ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో పక్క క్వార్టర్ బెంగాలీల ఇంట్లో శంఖం మోగిందట. మన ఊళ్లలో శవం లేచేటప్పుడే కదా దాసరి ఊదేది. ఈయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, ఇంటాయన చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తీరా చూస్తే లోపల పాప పుట్టింది, వాళ్లలో బిడ్డ పుడితే శంఖం ఊదుతారట. చేతిలో మిఠాయి పెట్టి పంపారు. ఇది చెప్పినప్పుడల్లా ముందు ఆయనే నవ్వేవారు.

నాకు శంఖం ఊదడం నేర్పుతుంటే మా అమ్మ అడ్డొచ్చింది. “ఆడపిల్లకి ఇదేటండీ మాస్టారూ?”

“శంఖానికేటి తెలుసమ్మా, ఎవుల ఊపిరో,” అన్నారాయన.

నాకెప్పుడూ తుస్సుమనేది. “బుగ్గల్తో కాదే, పెదాల్తో. నాను పోతే ఇక్కడ దాసరి దొరకడు. ఈలోగా నేర్చుకో,” అన్నారోసారి. నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మంగళవారం దాసరి నిజంగానే దొరకలేదు. పాడె ఎత్తబోతుంటే మాస్టారి భార్య శంఖం తెచ్చి నా చేతిలో పెట్టారు. పెద్దవాళ్లు గొణిగారు. మా అమ్మ మాత్రం ఈసారి అడ్డు రాలేదు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారీ అంతే. ఏడుపు ఆపుకోవాలని పెదాలు బిగించాను. మోగింది.

వీధి మలుపుదాకా ఊదుకుంటూ నడిచాను. అక్కడ కొత్తగా అద్దెకు దిగిన ఓ బెంగాలీ ముసలావిడ నవ్వుతూ గేటు తీసింది. “ఎవరింట్లో పాప పుట్టింది?” అని హిందీలో అడిగింది. వెనకాల వస్తున్న పాడెను ఇంకా చూడలేదు.

మాస్టారు వింటే ముందు ఆయనే నవ్వేవారు.