ఆడోళ్ళే వస్తారని చెప్పిన అక్కమ్మ

గొర్రెల మంద వెంట పుట్టి పెరిగిన అక్కమ్మకు గుర్రమంటే పెళ్ళి ఊరేగింపులో కనబడే జంతువు. అలాంటి మనిషికి నడివయసులో ఐదు గుర్రాలకు గడ్డి వేసి, మాలీషు చేసి, బెంగళూరు నుంచి దిగే ఆడవాళ్ళను వాటి మీద ఎక్కించి దించే పని వచ్చి పడింది.

పులివెందుల నుంచి వేములకు పోయే దారిలో ఉంది ఆ తోట. తోట పెద్దాయనది. ఆయనకు పేరు లేక కాదు, పేరు పెట్టి పిలిచే ధైర్యం మండలంలో ఎవరికీ లేక అందరికీ పెద్దాయనే అయ్యాడు. ఎలక్షన్లలో గెలిస్తే ఊరేగుదామని గుర్రాలు కొన్నాడు. వరసగా రెండుసార్లు ఓడాడు. గుర్రాలు ఊరికే తిని బలుస్తుంటే, బెంగళూరులో చదువుకొచ్చిన కోడలు ఇందిరమ్మ ఒక ఉపాయం చేసింది. ఆడవాళ్ళకు మాత్రమే విడిది. పొద్దున యోగా, సాయంత్రం గుర్రపుస్వారీ. గాజుపెంకులు నాటిన ప్రహరీగోడ, నాలుగు మూలలా తుపాకీతో కాపలా కాసేందుకు కట్టిన బురుజులు చూసి, వచ్చినవాళ్ళు పాతకాలపు కోట అనుకొని మురిసిపోయేవాళ్ళు. ఫ్యాక్షన్ తోటలో ప్రశాంతత దొరుకుతుందని జనాన్ని నమ్మించిన ఘనత ఇందిరమ్మదే.

విడిది జరిగినన్నాళ్ళూ మగపురుగు లోపలికి రాకూడదని నియమం. అందుకే గుర్రాలు చూసుకునే గురప్పను కాపలాదారు గఫూర్‌తో పాటు బయట గేటు దగ్గరికి పంపి, అతని పెళ్ళాం అక్కమ్మకు కళ్ళేలు అప్పగించారు. మొదట్లో ఆమెకు అంతా వింతే. చాపలేసుకొని కదలకుండా పడుకునే ఆసనం చూసి మొగుడితో, "పాపం ఇంటికాడ పనుకోనీరేమో, ఈడికొచ్చి పనుకుంటాండారు" అని నవ్వింది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు తానూ అలా పడుకొని చూసింది. పెళ్ళయినాక పగటిపూట నడుము వాల్చడం అదే మొదలు. లేవబుద్ధి కాలేదు.

అంతా బాగానే సాగేదేమో, ఇందిరమ్మకు గండి క్షేత్రం మీద మనసు పడకపోతే. ఆఖరి రోజున ఆడవాళ్ళంతా గుర్రాల మీద గండికి పోయి, పాపాఘ్ని ఏట్లో కాళ్ళు తడుపుకొని, ఆంజనేయస్వామిని చూసి రావాలని ఆమె ఆశ. అడ్డదారి నల్లగుట్టపల్లె మీదుగా పోతుంది. అది అక్కమ్మ పుట్టిల్లు. అది ఎదుటి పార్టీ ఊరు కూడా. పెద్దాయన మనిషి ఒకడు హత్యయిన కేసులో అక్కమ్మ అన్న చెన్నకేశవ ముద్దాయి. కోర్టు బెయిలిచ్చింది గానీ పెద్దాయన ఇవ్వలేదు. అందుకని చెన్నకేశవ గడ్డం పెంచుకొని, మందలో కలిసిపోయి, గుట్టల్లో బతుకుతున్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. మా సీమలో ఎంత పగలున్నా ఆడదాని మీద చెయ్యి వెయ్యరు. మగవాళ్ళు ఊరొదిలిపోతే సేద్యం చేయించేదీ, కోర్టుల చుట్టూ తిరిగేదీ, ఎదుటి పార్టీ వీధిలోంచి బిందెతో నీళ్ళు తెచ్చేదీ ఆడవాళ్ళే. ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆ ధైర్యంతోనే ఇందిరమ్మ అక్కమ్మను పిలిచి, ఆ దారిన పోనిస్తారేమో మీ ఊరివాళ్ళను ఒక మాట అడిగి రమ్మంది. అక్కమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. అన్నను చూసి ఏడాది దాటింది మరి.

వదిన రామేశ్వరమ్మ ఆమెను గుట్ట వెనక గొర్రెల దొడ్డి దగ్గరికి తీసుకుపోయింది. ఆ గడ్డంలో అన్నను ఆమె ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక ఏడుపు ఆగలేదు. వచ్చేది ఎవరెవరని చెన్నకేశవ ఒకటికి రెండుసార్లు అడిగాడు. అక్కమ్మ మెడలోని పుస్తెలు పైకెత్తి కళ్ళకద్దుకొని, ఆడోళ్ళు తప్ప ఎవరూ రారని ప్రమాణం చేసింది.

"అట్లయితే నేనే మజ్జిగ తెస్తాలే అమ్మీ. ఆడోళ్ళు మనూరి మీద నోరెండబెట్టుకొని పోతే మనకేం మర్యాద?" అన్నాడు అన్న.

బయలుదేరే రోజు పొద్దున తోటలోకి ఒక జీపు వచ్చింది. నలుగురు పోవాల్సిన చోట ఐదుగురయ్యారు. కొత్తగా వచ్చినామె హైదరాబాదు మేడమనీ, మౌనవ్రతంలో ఉందనీ, పలకరించొద్దనీ ఇందిరమ్మ చెప్పింది. అందరిలాగే ఆమెకూ ప్యాంటు, బూట్లు, చేతులకు తొడుగులు, నెత్తిన హెల్మెట్. దుమ్ముకని ముఖానికి గుడ్డ, కళ్ళకు నల్లద్దాలు. యోగా చేసేవాళ్ళలో మాట్లాడకుండా ఉండేవాళ్ళను అక్కమ్మ ఇంతకుముందూ చూసింది. ఆ గుర్రం కొంచెం బెదురుది కావడంతో దాని కళ్ళెం తానే పట్టుకొని ముందు నడిచింది.

ఊరి మొదట్లో చింతచెట్టు కింద నలుగురైదుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికీ గడ్డాలే, అందరి భుజాన గొంగళ్ళే. ఒకడి చేతిలో మజ్జిగ కుండ ఉంది.

"అన్నా" అని పిలిచి అక్కమ్మ ఎదురుపోయింది.

చెన్నకేశవ గ్లాసులు నింపి చెల్లెలి చేతికిచ్చి, పక్కకు తిరిగి నిలబడ్డాడు. పరాయి ఆడవాళ్ళు తాగుతుంటే ముఖాన ముఖం పెట్టి చూడడం ఆ ఇంటి మగవాళ్ళకు అలవాటు లేదు. మిగతా మగవాళ్ళూ ముఖాలు తిప్పుకున్నారు. మేడమ్‌లు హెల్మెట్లు తీసి, ముఖాల మీది గుడ్డలు తీసి, తాగి, ఎంత బాగుందో అనుకున్నారు. ఒక్కరు తియ్యలేదు. ఆ ఒక్కరి దగ్గరికి అక్కమ్మ గ్లాసు పట్టుకొని పోయింది. వద్దన్నట్టు చెయ్యి ఊపినప్పుడు తొడుగు పైకి జరిగి మణికట్టు కనబడింది. వెంట్రుకలు మొలిచిన మగవాడి మణికట్టు. నల్లద్దాలు ఆమెను చూడడం లేదు. తానింతకుముందు ఎవరిని అన్నా అని పిలిచిందో, అతన్నే చూస్తున్నాయి.

అక్కమ్మ అరవాలి. అరిస్తే ఆ చెట్టు కిందే కత్తులు లేస్తాయి. గొంగళ్ళ కింద ఏముంటుందో ఆమెకు తెలియనిదా? ఏ పాపమూ తెలియని నలుగురు ఆడవాళ్ళున్నారు. అక్కడ తోట గేటు దగ్గర, పెద్దాయన మనుషుల మధ్య, గురప్ప ఉన్నాడు. నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. వీళ్ళను తోటలో దించి మధ్యాహ్నానికే వెనక్కి వచ్చి అన్నకు చెబుదాంలే అని తనకు తాను చెప్పుకుంటూ కళ్ళెం పట్టుకొని నడిచింది. గండిలో స్వామికి ఏమని మొక్కిందో ఆమెకే గుర్తు లేదు.

తిరిగి తోటకు రాగానే ఆ మౌనవ్రతం మేడం జీపెక్కి పోయింది. అక్కమ్మ గుర్రాలను కట్టెయ్యకుండానే గేటు దగ్గరికి పరుగెత్తింది. గేటుకు తాళం.

"ఈ పొద్దు ఎవురినీ బయటికి పంపొద్దని పెద్దాయన చెప్పినాడు తల్లీ. నీ పేరు ప్రత్యేకంగా చెప్పినాడు" అన్నాడు గఫూర్, ఆమె ముఖం వైపు చూడలేక.

ఆమె ఇందిరమ్మ కాళ్ళ మీద పడింది. ఇందిరమ్మ తెల్లబోయింది. ఆడవాళ్ళకు తోడుగా గార్డు ఉండాలని మామగారు అన్నాడట, మగవాడంటే ఊరు ఒప్పుకోదని అలా పంపాడట. నిజంగానే ఆమెకు అంతకు మించి తెలియదు. మామగారికి ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి, ముఖం తుడుచుకొని, లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ తోటలో ఆమె మాట యోగా చాపల వరకే చెల్లుతుంది.

చెల్లెలు వచ్చిపోయిన సంతోషంలో చెన్నకేశవ ఆ పూట గుట్టకు పోకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్ళాం చేతి సంగటి తిన్నాడు. తెల్లారి మంద దగ్గరికి పోతుంటే వంక నీళ్ళ దగ్గర కాపు కాసి నరికారు. జమ్మలమడుగు వైపు నుంచి పిలిపించిన మనుషులట. అతని ముఖం అంతకుముందు వాళ్ళెవరూ చూసి ఎరగరు, నల్లద్దాల వెనక నుంచి చూసి పోయిన మనిషే గుర్తు చెప్పి ఉండాలి. ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

మజ్జిగ ఇచ్చిన రోజు ఒకరు హెల్మెట్ తియ్యలేదని ఊళ్ళో ఒక ముసలమ్మ పోలీసులతో చెప్పింది. అక్కమ్మను పిలిపించారు. ఆ ఒక్కరు మగవాడని ఆమె నోటితో అంటే కేసు పెద్దాయన గడప దాకా పోతుంది. ఆ మాట కోసమే రామేశ్వరమ్మ స్టేషన్ బెంచీ మీద పొద్దున్నుంచి కూర్చొని ఉంది. బయట పెద్దాయన జీపులో ఇద్దరు మనుషుల మధ్య గురప్పను కూర్చోబెట్టారు. అతను కిటికీలోంచి పెళ్ళాం వైపే చూస్తున్నాడు. రమ్మనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో.

ఆ రోజు గుర్రాల మీద ఎవరెవరు పోయారని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అక్కమ్మ వదిన వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. మెడలోని పుస్తెలు పట్టుకుంది.

"అందురూ ఆడోళ్ళే సార్" అంది.

రామేశ్వరమ్మ కొంగు దులుపుకొని లేచి, ఆడబిడ్డను రాసుకుంటూనే బయటికి పోయింది.