పేరు చెప్పని పరీక్ష

మా ఆడబిడ్డ పోయింది. ఆ పొద్దున పొయ్యి ముట్టించబోతుంటే పక్కింటి టీచరమ్మ వచ్చి, "తిరుపతి ఆసుపత్రి నుంచి మీ ఆయన ఫోన్లో ఉండాడు" అంది. ఆమె ముఖం చూశాక అగ్గిపెట్టె పక్కన పెట్టి వెంట నడిచాను. ప్రభువు చిత్తం అంటున్నారందరూ. నేనూ అంటున్నాను. అనేటప్పుడు ఆ గొంతు నాది కాదనిపిస్తోంది.

తిరుపతిలో మా ఆడబిడ్డ చదివిన పీజీ, పనిచేసే మనుషుల మనసుకు సంబంధించింది. ఉదయగిరి బంధువులు "పిచ్చోళ్ల డాక్టరువా అమ్మే?" అని ఆటపట్టించేవారు. "కాదు పిన్నీ, పిచ్చి పట్టకముందే పనిచోటు బాగుచేసేవాళ్లం" అని నవ్వేది.

రెండో ఏడు ఫీల్డ్ వర్కు కోసం ఆత్మకూరు దగ్గర ఒక పొగాకు షెడ్డుకు మా ఇంటి నుంచే వెళ్లొచ్చేది. కూలీల పక్కన కూర్చుని, రంగును బట్టి ఆకు వేరుచేయడం తాను నేర్చుకున్నాకే వాళ్లను ప్రశ్నలు అడిగింది. సాయంత్రం చీరంతా పొగాకు ఘాటుతో దగ్గుతూ వచ్చేది. ఒకరోజు అన్నం తింటూ, మనసు ఆగక, ఒక కూలీ పేరు చెప్పి, ఆమెకు చూపు మందగించిందని మాతో అంది. పక్కామె ఏ కుప్పలో వేస్తే ఈమె కూడా ఆ కుప్పలోనే వేస్తోందట.

మా అత్తమ్మకు ఎవరి కష్టం విన్నా దేవుని ముందు పెట్టకుండా నిద్రపట్టదు. గురువారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు చెప్పమనగానే లేచింది. "షెడ్డులో ఒక బిడ్డకు కండ్లు మసకలు కమ్మినాయి. పాపం, దాచుకుంటా ఉండాది" అని పేరుతో సహా చెప్పి, కన్నీళ్లతో ప్రార్థించింది. అందరం ఆమెన్ అన్నాం. ఆ వరుసలో షెడ్డు మేస్త్రీ భార్య కూడా ఉంది. మర్నాడు ఆ కూలీని పనికి రావద్దన్నారు.

మా ఆడబిడ్డ తల్లిని ఒక్క మాట అనలేదు. "జారింది నా నోరు" అంది. రోజూ పోయి మేస్త్రీ ముందు నిలబడింది.

"రంగు కనపడకపోతే కట్టలు కట్టించు, అన్నా. ఆమె చేతులకేమయింది?"

"నీ చదువు నా షెడ్డులో చూపించబాక తల్లీ" అని అతను కసిరేవాడు. చివరికి విసిగి ఒప్పుకున్నాడు. ఆ కూలీ తిరిగి పనిలోకి వచ్చింది కానీ, మా ఆడబిడ్డ పలకరిస్తే తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడాన్ని ఆమె జీవితమంతా మోసింది.

తర్వాత తానే పీజీ పిల్లలకు పాఠాలు చెప్పింది. సిలబస్ మార్చేటప్పుడు, లెక్కలకన్నా, ఇంటర్వ్యూ పద్ధతులకన్నా ముందు, విన్నది దాచుకోవడం ఒక పాఠంగా ఉండాలని పట్టుబట్టింది. "దానికి మార్కులెట్లా వేస్తాం మేడం?" అని తోటివాళ్లు నవ్వారట. ఆమె వేసి చూపించింది. వైవాలో విద్యార్థి పనిని మెచ్చుకుని, మాటల మధ్యలో "ఇంతకీ ఈ సంగతి నీకు చెప్పిందెవరమ్మా?" అని అడిగేదట. సంబరంగా పేరు చెప్పిన వాళ్లను మళ్లీ ఫీల్డుకు పంపేది. ఇది చదివే ఆమె విద్యార్థుల్లో అట్లా తిరిగి వెళ్లినవారు ఉండే ఉంటారు.

"బెదిరించి అడిగితే ఎవరైనా దాస్తారు వదినా. ప్రేమగా అడిగినప్పుడే జారేది" అనేది.

పోయిన వేసవిలో వచ్చినప్పుడు, చింతపండు పిసుకుతున్న నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. రొమ్ములో గడ్డ సంగతి మెల్లగా చెప్పింది.

"కూడికలో పెట్టబాక వదినా. అమ్మ తట్టుకోలేదు. నువ్వొకదానివి ప్రార్థన చెయ్యి, చాలు."

సరేనన్నాను. గురువారం వచ్చి, "మనవులేమన్నా ఉన్నాయా?" అన్నప్పుడల్లా నేను తల వంచుకుని పాటల పుస్తకం తిప్పేదాన్ని. వాన కోసం, జబ్బుపడిన గొర్రెల కోసం, ఎవరెవరి జ్వరాల కోసమో అందరం కలిసి ప్రార్థించాం. ఆమె కోసం నేనొక్కదాన్నే. పదిమంది గొంతులు కలిసి ఉంటే దేవుడు వినేవాడేమోనని ఇప్పుడు నా లోపల కొట్టుకుంటోంది. మాట తప్పలేదు. మనిషి మాత్రం దక్కలేదు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"దాని జబ్బు సంగతి నీకు ముందే తెలుసు కదామ్మే?"

"తెలుసత్తమ్మా."

"నాకు తెలిస్తే కూడికలో చెప్తాననే కదా, దాచింది?"

"కాదత్తమ్మా. మీరు తట్టుకోలేరని."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వూ దాని దగ్గర చదువుకున్నదానివే. నిజం నీ నోట రాదులే" అంది.

నేను చెప్పింది నిజమే. మా ఆడబిడ్డ నాతో అన్నది అంతే. నమ్మించడం మాత్రం నాకు చేతకాలేదు.

అత్తమ్మ ఇప్పటికీ కూడికకు వస్తుంది. మనవులు అడిగితే లేవదు. ఇంటికొచ్చాక మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని, చిన్న శబ్దం కూడా లేకుండా పెదవులు కదుపుతుంది. గడపలో నా అడుగు వినిపిస్తే ఆ పెదవులు కూడా ఆగిపోతాయి.