రెండు నిలువుల జలపాతం

మధురానగర్‌లో మా అపార్టుమెంటు పైట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా నీళ్లు మూడంతస్తుల మీంచి కార్లు పెట్టే చోట సిమెంటు గచ్చు మీద పడతాయి. ఆ చప్పుడు వినగానే మా ఆవిడ వంటింట్లోంచి "మోటారు కట్టేయండి" అని కేకేస్తుంది. నేను మాత్రం స్విచ్చు దగ్గర చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగుతాను. మూడంతస్తుల నీళ్లకు ఒక చప్పుడు, నాలుగంతస్తుల నీళ్లకు ఇంకో చప్పుడు. చెవితో ఎత్తు కొలవడం నాకు నేర్పినవాడు యాదయ్య. ఆయన గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. వాయిదా వేయడం నాకు పాత జబ్బే, దాని సంగతి కూడా ఇందులోనే వస్తుంది.

ఎనభైల చివర్లో భీమవరం నుంచి ఒక కెమెరా, రెండు జతల బట్టలతో హైదరాబాదు చేరాను. ఫిల్మ్ నగర్‌లో అప్పటికింకా ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. అక్కడ ఒక నిర్మాణ సంస్థ ఆఫీసులో నాకు పని దొరికింది. ఊళ్లు, కోటలు, వాగులు, జలపాతాలు తిరిగి చూసి ఫోటోలు తీసి ఆల్బంలో అంటించాలి. దర్శకుడు ఆ ఆల్బం తిరగేసి, ఏ పాట ఎక్కడ తీయాలో కుర్చీలోంచి లేవకుండా తేల్చేవాడు. నన్ను తిప్పే వ్యాను డ్రైవరు యాదయ్య. యాభై ఏళ్లుంటాయి, టోలిచౌకిలో ఇల్లు, ఎప్పుడూ ఖాకీ చొక్కా. మొదటిరోజు "యాదయ్య గారూ" అని పిలిస్తే పగలబడి నవ్వాడు. "గారు గీరు ఎందుకు సార్, అన్నా అను, సాలు" అన్నాడు. ఆఫీసు కాగితాల ప్రకారం ఆయనకు పని చెప్పవలసినవాణ్ణి నేను. నెల తిరక్కముందే ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకుంటున్నారో ఇద్దరికీ తెలిసిపోయింది.

జలపాతాలు వెతకడానికి ఆయనకో పద్ధతి ఉండేది. పెద్దరోడ్డు వదిలి మట్టిరోడ్డు పట్టాక ప్రతి కల్వర్టు మీదా ఇంజను ఆపేసేవాడు. దిగి, కింద పారే నీళ్లు చేత్తో తీసుకుని చూసేవాడు. ఎర్రగా ఉంటే చేలమీద పడ్డ వాననీళ్లు, వాటి వెనక పోవడం దండగ. తేటగా, చల్లగా ఉంటే రాళ్లలోంచి వస్తున్నట్టు. ఇక చెప్పులు వ్యానులో వదిలేసి వాగు వెంబడే పైకి నడిచేవాడు. నేను కెమెరా సంచితో రొప్పుతూ వెనక. దారిలో మేకలు కాసే ముసలాయన కనిపిస్తే, "ఇక్కడ జలపాతం ఉందా అండీ?" అని నేను అడిగేవాణ్ణి. ఆయన నన్ను ఎగాదిగా చూసేవాడు.

"గట్ల అడిగితే ఎవరికి ఎరుక సార్?" అని యాదయ్య నన్ను పక్కకు జరిపేవాడు. "తాతా, నీళ్లు యాడ దుంకుతయే?"

వెంటనే ముసలాయన కర్రతో ఒక దిక్కు చూపించేవాడు. ఇలా ఆదిలాబాద్ వైపు అడవుల్లో ఏ పటంలోనూ లేని జలపాతాలు పదికి పైగా చూశాం. నీళ్లు కనబడకముందే నన్ను ఆపి, కళ్లు మూసుకోమని, చప్పుడు విని ఎత్తెంతో చెప్పమనేవాడు. నేను ఎప్పుడూ ఎక్కువ చెప్పేవాణ్ణి.

ఫోటోల దగ్గర మాత్రం ఆయన ఒక్కటే పట్టుబట్టేవాడు. ప్రతి జలపాతం పక్కనా తాను నిలబడతానని. నాకది చిరాకు. పచ్చటి చెట్లు, తెల్లటి నీళ్లు, మధ్యలో ఖాకీ చొక్కా.

"ఫోటోల మనిషి లేకపోతే ఎత్తు ఎట్ల తెలుస్తది సార్? నేను మంచిగ కనబడకున్నా ఏం కాదు. నీళ్లు ఎంతున్నయో అంతే కనబడాలె."

సరేనని ఆయనతో ఒకటి, ఆయన లేకుండా ఒకటి తీసేవాణ్ణి. రెండూ ఆల్బంలో పక్కపక్కనే అంటించాలన్నది మా ఒప్పందం.

ఒక ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో నిర్మల్ దాటాక ఒక చిన్న జలపాతం దొరికింది. యాదయ్య పైదాకా ఎక్కి, వాగు పుట్టేచోటు చూసి, పక్క గూడెంలో నీళ్లు మోసుకెళ్తున్న ఆడవాళ్లను అడిగి వచ్చాడు. "చిన్నదే సార్, రెండు నిలువులు. గని ఎండకాలం కూడ ఆగదంట. బండి దగ్గర్దాంక వస్తది. చిన్న పాటకైతే సరిపోతది" అన్నాడు. రెండు నిలువులంటే ఇద్దరు మనుషులు ఒకరిమీద ఒకరు నిలబడినంత ఎత్తు. నాలో కళాకారుడు ఊరుకోలేదు. నీళ్లలో బోర్లా పడుకున్నంత పని చేసి, కెమెరాను రాతిమీద పెట్టి కింది నుంచి పైకి గురిపెట్టాను. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే సన్నటి ధార కూడా పాలతెరలా వస్తుంది. ప్రింటు కడిగి చూసుకుంటే గోరంత జలపాతం కొండంత అయింది. అంత గొప్ప ఫోటో అప్పటిదాకా నేను తీయలేదు. యాదయ్య నిలబడ్డ ఫోటో పక్కన పెడితే దీని పరువు పోతుంది. అందుకని దాన్ని సొరుగులో పడేసి, ఈ ఒక్కటే అంటించాను.

దర్శకుడు ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు. హీరోయిను ఆకాశం నుంచి దిగివచ్చే పాట ఆయన మనసులో ఉంది. ఆఫీసు మేనేజరు యాదయ్యను పిలిచి, "చోటు బాగుంటుందా?" అని అడిగితే, "తొవ్వ మంచిదే, నీళ్లు ఆగవు సార్" అన్నాడు. ఎత్తు సంగతి ఫోటోలు చెబుతాయనుకున్నాడు. ఆల్బంలో ఏముందో ఆయన చూడలేదు. ఆ గదిలోనే ఉన్న నాకు తెలుసు. పెద్ద దర్శకుడు కదా, ఎలాగోలా తీసేస్తాడులే అనుకున్నాను.

చలికాలంలో అరవైమంది యూనిట్ రెండు బస్సుల్లో అక్కడ దిగింది. డాన్సర్లు, లైట్‌బాయ్‌లు, మేకప్‌వాళ్లు, వంటవాళ్లు అందరూ ఆ ధార ముందు నిలబడి, అసలు జలపాతం ఇంకా లోపలుందేమోనని అటూ ఇటూ చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ముఖం కందగడ్డ అయింది.

"ఏమయ్యా యాదయ్యా, దీనికోసమా ఇంతమందిని ఈడ్చుకొచ్చావు? కొండెక్కడానికి బద్ధకమేసి, రోడ్డు పక్కనున్న పిల్లకాలువ చూపించావన్నమాట!"

నాతో తిరిగిన ఏడాదిన్నరలో ఒక్క కొండ కూడా కిందినుంచి చూసి వదలని మనిషిని అన్న మాట అది. అప్పుడే దర్శకుడు నావైపు తిరిగి, "ఫోటో మాత్రం బ్రహ్మాండంగా తీశావయ్యా" అన్నాడు. సినిమావాళ్ల లెక్క అలా ఉండేది. లేని అందం చూపించడం ఫోటోగ్రాఫరు గొప్పతనం, ఉన్నది చెప్పడం చోటు చూసినవాడి బాధ్యత. నేను నవ్వాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నిజంగానే నవ్వాను. యాదయ్య ఒక్కసారి నాకేసి చూసి తల దించుకున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. యూనిట్ మళ్లీ బస్సులెక్కింది.

తిరుగు ప్రయాణంలో కామారెడ్డి దగ్గర వ్యాను ఆపి, "చాయ్ తాగు సార్, పొద్దటిసంది ఏం తినలేదు" అన్నాడు. గ్లాసు అందుకుని చాయ్ తాగాను. ఫోటో సంగతి మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఆయన్ని పనిలోంచి తీసేశారు. నాలుగు రోజులు నిద్రపట్టక, అయిదో రోజు సొరుగులోని ఫోటో తీసుకెళ్లి మేనేజరు బల్లమీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ఫోటోను అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ? పాటకి స్టూడియో ఫ్లోర్లో సెట్ వేయిస్తున్నాం. కొత్త డ్రైవరు కూడా వచ్చేశాడు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అక్కణ్ణుంచి నేరుగా టోలిచౌకి వెళ్లాను. యాదయ్య గుమ్మం ముందు కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"ఫోటో దాచినవని నాకు గాడనే సమజైంది" అన్నాడు.

"మరి మీరెందుకు చెప్పలేదన్నా?"

"నేను చెప్తే డ్రైవర్ సాకులు చెప్తుండంటరు. నువ్వు చెప్తే అది మాట." దారం లాగి ముడివేశాడు. "కొలువు పోయినందుకు ఫికర్ లేదు. స్టీరింగ్ పట్టొచ్చినోనికి ఏడన్న పని దొరుకుతది. గంత మంది ముందట బద్ధకస్తుడన్నరు సార్. గాడ నువ్వు ఒక్క మాట అంటే అయిపోతుండె."

"అందరికీ చెప్తానన్నా. వాళ్లందరి ముందే చెప్తాను."

"యాడ చెప్తవ్? ఆ అరవై మంది మళ్ల ఒక్కతాన ఎప్పుడు కూడుతరు?"

సినిమా యూనిట్ పెళ్లివారి విడిది వంటిది. అదే మనుషులు అలాగే మరోసారి కలవరు. ఒకరు మద్రాసు పోతారు, ఒకరు వేరే కంపెనీకి పోతారు, ఒకరు అసలు సినిమాలే వదిలేస్తారు. వాళ్ల ముందు పోయిన పేరును వాళ్ల ముందే తిరిగి తెచ్చే వీలు లేదు.

యాదయ్యకు ఒక బడి వ్యాను నడిపే పని దొరికింది. నన్ను క్షమించానని ఎన్నడూ అనలేదు, రావద్దనీ అనలేదు. తొంభైలలో సెలవురోజుల్లో ఇద్దరం బస్సెక్కి, ఏ సినిమాకూ పనికిరాని జలపాతాలు చూడ్డానికి పోయేవాళ్లం. మోకాళ్ల నొప్పులు పుట్టేదాకా ప్రతిదీ పైదాకా ఎక్కేవాడు. ఒకసారి కిందే కూర్చుందామన్నాను. "కూసో సార్, నేను చూసొస్త" అని ఒక్కడే వెళ్లాడు. నేనూ లేచి వెంట నడిచాను. ఆ దశాబ్దం పూర్తి కాకముందే ఆయన పోయాడు. ఆయన బతికుండగా ఆ యూనిట్‌లో పద్నాలుగు మందిని పట్టుకుని నిజం చెప్పగలిగాను. ప్రతి ఒక్కరి సంగతీ వెళ్లి చెబితే, "మంచిది సార్" అనేవాడు.

ఆయన పోయాక కూడా నేను మానలేదు. ఈమధ్య ఫిల్మ్ నగర్‌లో ఒక టీకొట్టు దగ్గర ఆనాటి లైట్‌మన్ కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. నిర్మల్ దగ్గరి జలపాతం గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు గుర్తులేదండీ! మీ ఫోటో బ్రహ్మాండంగా ఉందన్నారు కదా డైరెక్టరు గారు" అన్నాడు.

"యాదయ్యను పనిలోంచి తీసేశారు, అది గుర్తుందా?"

అతను గ్లాసు కిందపెట్టాడు. "యాదయ్య ఎవరండీ?"

ఇన్నేళ్లూ ఆయన మీద పడ్డ మచ్చ తుడుస్తున్నానని అనుకున్నాను. మచ్చతో పాటు మనిషే చెరిగిపోయాడని నాకు అప్పుడు తెలిసింది. నాకు దక్కిన మెప్పు మాత్రం అలాగే మిగిలింది. నాకు ఏడుపొచ్చింది. ఇంకో రెండు టీలు చెప్పి, ఆ లైట్‌మన్‌ను బెంచీమీద కూర్చోబెట్టి, మొదటినుంచీ అంతా చెప్పాను. ఇప్పుడు ఆయనను ఎన్నడూ చూడని మీకు కూడా చెబుతున్నాను. టోలిచౌకి యాదయ్య బద్ధకస్తుడు కాడు. ఆ రోజు తప్పు నాది. ఆయన కొండెక్కి చూసే చెప్పాడు.