పోలేరయ్య తలపాగాలో ఫోను

జువ్వలదిన్నెలో పోలేరయ్య ఫోను ఉండే చోటు ఆయన నెత్తి. చేపల వేటకు పడవ ఎక్కాలంటే నడుంలోతు నీళ్ళలో నడవాలి. జేబులో ఉంచితే ఆ రోజుతో దాని ఆయుష్షు తీరినట్టే. అందుకే ప్లాస్టిక్ కవరులో చుట్టి తలపాగాలో దోపుకుంటాడు, పదేళ్ళుగా.

ఆ పదేళ్ళ ధీమాను పక్క పడవ సుబ్బు ఒక్క వీడియోతో ఊడ్చేశాడు. అందులో రెండు ఫోన్ల నడుమ పెట్టిన కోడిగుడ్డు ఉడికింది. "చూసినావా మామా, నీ మెదడు గూడా ఇట్టానే ఉడకతా ఉంది" అన్నాడు. నాలుగు తుఫాన్లకు జంకని మనిషి కోడిగుడ్డుకు జంకాడు. అనుమానం పెనుభూతం కదా, తల తడుముకుంటే వేడిగానే తగిలింది. నడినెత్తిన ఎండ కాస్తున్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

మర్నాటి నుంచి ఫోను స్టీలు డబ్బాలోకి పోయింది. డబ్బా పడవకు ఒక కొసన, పోలేరయ్య ఇంకో కొసన.

అప్పటికి కూతురు స్వర్ణకు నెలలు నిండాయి. తొలి కాన్పు, పైగా భయస్తురాలు. "నొప్పులొస్తే ముందు నీకే చేస్తా నాయనా. నువ్వు పక్కన ఉండాల" అంది. "వల ఆడనే వదిలేసి వస్తా" అని మాటిచ్చాడు. మాటిచ్చిన మనిషే డబ్బా మూత బిగించి మరీ వేటకు పోయాడు.

మూడోనాడు తిరిగొస్తూ మూత తీస్తే ఫోను ఒకటే మోత. పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ స్వర్ణవే. స్టీలు డబ్బాలోకి సిగ్నలు అందదని, అంత జాగ్రత్తగా కాపాడుకున్న బుర్ర ఆయనకు చెప్పనే లేదు.

ఆసుపత్రికి చేరేసరికి మనవరాలు పుట్టి రెండు గంటలైంది. స్వర్ణ గోడవైపు తిరిగి పడుకుంది. సంగతంతా విన్న నర్సు ఎలిశబెతు నవ్వు ఆపుకోలేకపోయింది. "చెవికాడ కాస్త వెచ్చబడతాదేమో గానీ మెదడు ఉడకదు పెద్దాయనా. ఆ వీడియో ఉత్తది. అంత భయమైతే స్పీకరు పెట్టి దూరంగా మాట్లాడు."

పోలేరయ్యకు నవ్వు రాలేదు. బిడ్డ తనను పదకొండుసార్లు పిలిచిందన్న మాట గొంతులో చేపముల్లులా దిగబడింది. తలపాగా విప్పి, ఫోను అందులో పెట్టి, మళ్ళీ నెత్తికి చుట్టుకున్నాడు.

కాసేపటికి ఆ తలపాగా మోగింది. గోడవైపు తిరిగిన స్వర్ణ చేతిలో ఫోను వెలుగుతోంది. పోలేరయ్య స్పీకరు పెట్టలేదు. ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"చెప్పమ్మా" అన్నాడు. "ఈడనే ఉండా."